పావురాల మిద్దె మీద కొత్త యాంటెనా

ఈ మధ్య ఒక ఇంజనీరింగ్ కాలేజీవాళ్ళు పిలిచి, మీ ఉద్యోగ అనుభవాలు పిల్లలతో పంచుకోండి సార్ అన్నారు. వెళ్ళాను. శాలువా కప్పారు, చేతిలో పూలకుండీ పెట్టారు. నేను మాట్లాడినంతసేపూ పిల్లలు తలలు వంచుకుని ఫోన్లు చూసుకున్నారు. నాకేమీ కోపం రాలేదు. అంతమంది ఒకే హాల్లో కూర్చుని ఒకేసారి వీడియోలు చూస్తున్నా ఎవరికీ మధ్యలో ఆగిపోవడం లేదంటే, జీవితమంతా నేను చేసిన పని బాగానే ఉన్నట్టు లెక్క.

అయితే అసలు చెప్పాలనుకున్న సంగతి అక్కడ చెప్పలేకపోయాను. మా పాత బాసు అదే వేదిక మీద ముఖ్య అతిథి. ఆయన ఎదురుగా ఈ కథ చెబితే శాలువా వెనక్కి తీసుకునేవారు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఫోను పక్కన పెట్టి చదివితే సంతోషం. ఫోనులోనే చదువుతుంటే ఇంకా సంతోషం.

నేను ఒక ప్రైవేటు మొబైల్ కంపెనీలో యాంటెనాలు చూసుకునేవాణ్ణి. ఏ మిద్దె మీద ఏది పెట్టాలి, ఎటు తిప్పాలి, ఎంత వంచాలి అన్నదే నా చదువూ నా సంపాదనా. మా చుట్టాల్లో నా ఉద్యోగం పేరు ఎవరికీ తెలియదు. అందరూ ‘సిగ్నల్ ఆయన’ అనేవారు. పెళ్ళికి వెళితే ఫిర్యాదులతో అన్నం ముందు కూర్చోనిచ్చేవారు కాదు. చర్చిలో ఆరాధన అయ్యాక పాస్టరుగారు కూడా నా చెయ్యి పట్టుకుని, ప్రార్థన చేస్తారేమో అనుకునేలోగా, “బ్రదర్, మా ఇంట్లో ఒక్క గీతే వస్తుంది” అనేవారు.

పాత రోజుల్లో యాంటెనా అంటే సన్నగా పొడుగ్గా ఉండే డబ్బా. అది వంగాలంటే మనిషి పైకెక్కి, నట్టు వదులు చేసి, వంచి, మళ్ళీ బిగించాలి. తర్వాత కింద కూర్చునే వంచే సౌకర్యం వచ్చింది, మా మోకాళ్ళు బతికాయి. ఇప్పుడొచ్చిన ఫైవ్‌జీ యాంటెనాలు వేరే జాతి. వెడల్పుగా, బరువుగా ఉంటాయి. లోపల చిన్న చిన్న యాంటెనాలు పదుల కొద్దీ వరసగా ఉంటాయి. రేడియో పెట్టె కూడా దాని కడుపులోనే ఉంటుంది, అందుకే వెనకవైపు వేడి పోవడానికి ఇనప పళ్ళ లాంటి రేకలుంటాయి.

తేడా ఏమిటంటే, పాత యాంటెనా పెళ్ళిలో సాంబారు బకెట్ పట్టుకుని వరస పొడవునా పోసుకుంటూ పోయేవాడి లాంటిది. మనిషి లేచిపోయిన విస్తట్లో కూడా పోసేస్తాడు. కొత్తది ఎవరు చెయ్యెత్తారో చూసి, గరిటె సరిగ్గా వాళ్ళ విస్తరి దగ్గరికే తీసుకెళుతుంది. చెయ్యెత్తడం మీకు తెలియకుండా మీ ఫోనే చేస్తూ ఉంటుంది. మీరు ఆటోలో పోతుంటే ఆ గరిటె మీ వెంటే వస్తుంది. ఇంతకంటే వివరంగా మీకు మీ పుస్తకాల్లో ఉంటుంది, నాకు మాత్రం ఇంత అర్థమైతే చాలనిపించేది.

నా రిటైర్మెంటుకి ముందు, ఆ కొత్త యాంటెనాలు సికింద్రాబాద్ స్టేషను చుట్టుపక్కల మిద్దెలెక్కుతున్న కాలం. మా బాసు నాకంటే బాగా చిన్నవాడు. మనిషి చెడ్డవాడు కాదు, కాకపోతే ఏ మిద్దే ఎక్కకుండా అన్ని మిద్దెల గురించీ మాట్లాడగలడు. ఆయన డ్రోన్ సర్వే తెచ్చాడు. డ్రోన్ మిద్దె చుట్టూ తిరిగి ఫోటోలు తీస్తుంది, సాఫ్ట్‌వేరు ఆ ఫోటోలన్నీ కలిపి కంప్యూటర్లో అచ్చం అలాంటి మిద్దెను కడుతుంది. ఏది ట్యాంకు, ఏది గోడ, ఏది తీసెయ్యదగ్గ తుక్కు అన్నది దానంతట అదే రంగులు వేసి చెబుతుంది. యాంటెనా ఎక్కడ పెట్టాలో కూడా అదే చెబుతుంది. ఇక మనుషులెందుకని నేనడిగితే, “మీరు మరీ అంటారండీ, బిగించడానికి కావాలిగా” అన్నాడు బాసు.

ఆ లెక్కన చిలకలగూడలో ఒక మిద్దె తేలింది. ఆ ఇంటాయన మోండా మార్కెట్ దగ్గర దర్జీ. స్కూలు యూనిఫారాలు, పెళ్ళి బ్యాండువాళ్ళ కోట్లు కుట్టేవాడు. అందరిలాగే మేమూ ఆయన్ని మాస్టర్ అనేవాళ్ళం. ఆయన మిద్దె పక్కగోడ మీద మా పాత సన్న యాంటెనాలు ఎప్పటినుంచో ఉన్నాయి. ఆయనకు వాటితో పేచీ లేదు, మాకూ ఆయనతో పేచీ లేదు. ఆయన లోకమంతా పావురాలు. మిద్దె మీద చెక్కతో కట్టిన గూడు, మధ్యలో ఎత్తైన గడ, ఆ గడ మీద మంచమంత వెదురు తడక. దాన్ని ఆయన ఛత్రీ అనేవాడు. సాయంత్రం దుకాణం నుంచి వచ్చి పావురాలను వదిలేవాడు. అవి స్టేషను మీదుగా చక్కర్లు కొట్టి ఆ ఛత్రీ మీద దిగేవి. దాని మీద దిగితే ఇల్లు చేరినట్టు.

సాఫ్ట్‌వేరు ఆ ఛత్రీకి ఎర్రరంగు వేసింది. ఎరుపంటే తుక్కు. దాని చోటు మాత్రం అన్నిటికంటే ఎత్తుగా ఉంది కాబట్టి, కొత్త యాంటెనా గడ సరిగ్గా అక్కడే పాతమంది.

బిగించే రోజు నేను కార్ఖానా ఏరియాలో వేరే సైటు మీద ఉన్నాను. మాస్టర్ దుకాణంలో ఉన్నాడు. కంపెనీవాళ్ళే కదా అని కోడలు మెట్ల తలుపు తీసింది. కాంట్రాక్టరు మనుషులు ప్లానులో ఉన్నట్టే చేశారు. పాపం తుక్కయినా పారెయ్యకుండా, ఆ వెదురు తడకను విప్పి, మెట్ల గది వెనకాల గోడకి శుభ్రంగా కట్టి మరీ వెళ్ళారు. తర్వాత నేను కేకలేస్తే, “ఇంత జాగ్రత్తగ ఎవ్వరు చేస్తరు సార్?” అని వాళ్ళే నా మీద అలిగారు.

మర్నాడు సాయంత్రం మాస్టర్ పావురాలను వదిలాడు. అవి వెళ్ళాయి, వచ్చాయి, మిద్దె మీదికి దిగబోయి బెదిరి మళ్ళీ లేచాయి. అలా తిరిగి తిరిగి అలిసిపోయి ఎక్కడ చోటు దొరికితే అక్కడ వాలాయి. ఆ పెద్దమనిషి బుట్ట పట్టుకుని సందు సందూ తిరిగి, గోడల మీదవీ కిటికీల మీదవీ ఏరుకొచ్చాడు. ఒక్కటి దొరకలేదు. అది బూడిదరంగు పెట్ట. దాని తల్లి చచ్చిపోతే ఆయనే శెనగలు నోట్లో నమిలి దానికి పెట్టి పెంచాడట. గుంపుకి అదే పెద్ద. అది దిగితేనే మిగిలినవి దిగుతాయి.

అది పక్క సందులో గార్డు సాబ్ మిద్దె మీద దిగింది. ఈ గార్డు సాబ్ రైల్వేలో గూడ్సు గార్డుగా చేసి రిటైరైనవాడు. ఆయనకూ పావురాలున్నాయి. ఇద్దరికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు, కారణం అప్పుడెప్పుడో ఒక పావురమే. పావురాలు ఎగరేసేవాళ్ళకి ఒక కట్టుబాటుంది. ఎవరి మిద్దె మీద దిగితే వాళ్ళదే. పట్టుకున్నవాడు దాని రెక్కల ఈకలు దారంతో కట్టి, కొత్త ఇంటికి అలవాటయ్యేదాకా ఎగరనివ్వడు. పోగొట్టుకున్నవాడు వెళ్ళి అడగకూడదు. అడిగితే పరువు పోతుంది.

మాస్టర్ నాకు ఫోన్ చేశాడు. వెళ్ళాను. మిగిలిన పావురాలు గూట్లో బందీలుగా ఉన్నాయి. ఆయన ఆ గూటికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

“పాత డబ్బాలతోని నా కబూతర్లకు ఎప్పుడు తక్లీఫ్ లేకుండె సార్. గీ కొత్తది వచ్చిన తెల్లారే పరేషాన్ షురూ అయింది. ఇది తీసుకపోండ్రి.”

“దీంతో పావురాలకేం కాదు మాస్టర్.”

“కాదంటరేంది? వీడియో వచ్చింది నాకు. రేడియేషన్ తోని పిట్టలకు దారి తెలుస్తలేదంట.” అంటూ ఆ వీడియో చూపించాడు. మా కొత్త యాంటెనా పుణ్యమా అని అది ఒక్కచోట కూడా ఆగకుండా అద్దంలా వచ్చింది.

సంగతి బాసు దాకా వెళ్ళింది. ఆయన కొలతలవాళ్ళను పంపాడు. వాళ్ళు మైకులాంటి పరికరం పట్టుకుని మిద్దంతా తిరిగి, అంతా ప్రభుత్వం పెట్టిన హద్దుకు చాలా లోపలే ఉందని ముద్రవేసిన కాగితం ఇచ్చారు. మాస్టర్ ఆ కాగితాన్ని మర్యాదగా రెండు చేతులతో తీసుకుని, గూటి ముందు నిలబడి నాకే తిరిగిచ్చాడు.

“జెర చదివి వీటికి వినిపియ్యుండ్రి సార్. నేను జెప్తె ఇంటలేవు.”

నాకు నవ్వొచ్చింది. ఆయనకు రాలేదు. కళ్ళు చూస్తే రాత్రులు పడుకున్నట్టు లేవు. పావురం పోతే ఇంకో పావురం కొనుక్కోవచ్చు కదా అని ఆరోజు నా నోటిదాకా వచ్చిన మాట బయటికి రాకపోవడం నా అదృష్టం. దుకాణం కూడా సరిగ్గా తెరవడం లేదని, మామయ్య అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నాడని కోడలు మెట్ల దగ్గర నాతో చెప్పింది. ఆ బూడిద పెట్ట తిరిగి వస్తుందా రాదా అన్నది తప్ప ఆయనకు ఇంకేమీ పట్టడం లేదు.

అప్పుడు మా టీములో ఒక అమ్మాయి ఉండేది. కొత్త యాంటెనాల గరిటెలన్నీ ఎటు తిప్పాలో లాప్‌టాప్‌లోంచి చెప్పేది ఆమే. చదువుకున్న పిల్ల, తిన్నగా మాట్లాడే పిల్ల. మీటింగుల్లో బాసు మాట్లాడుతుంటే ఆమె ముఖంలో ఏమీ కనపడదు. ఆ గుణం నాకు సర్వీసంతా వెతికినా రాలేదు. నేను చెప్పిందంతా విని, “సార్, వాదించడం ఎందుకు? ఆఫ్ చేసి చూపిద్దాం” అంది.

మర్నాడు పొద్దున్నే మెయింటెనెన్సు పేరు చెప్పి అనుమతి తీసుకుని ముగ్గురం మిద్దె మీద నిలబడ్డాం. ఆమె లాప్‌టాప్‌లో ఏదో నొక్కి, “బంద్ అయింది అంకుల్, మీ ఫోన్‌లో ఫైవ్‌జీ గుర్తు పోయింది చూడండి” అంది. మాస్టర్ ఫోన్‌ని నమ్మలేదు. వెళ్ళి యాంటెనా వెనకాల రేకల మీద అరచెయ్యి పెట్టాడు. వేడిగా ఉంది. చెయ్యి తియ్యకుండా అలాగే నిలబడ్డాడు. అది చల్లబడేదాకా కదల్లేదు.

“ఆఁ. పానం పోయింది దీనికి” అన్నాడు. అప్పుడు గూటి తలుపు తీసి, భయం భయంగా ఒక జంటను మాత్రం వదిలాడు.

అవి స్టేషను వైపు వెళ్ళి తిరిగి వచ్చాయి. మిద్దె దగ్గరికి వచ్చి, మళ్ళీ అదే బెదురు. చల్లగా చచ్చి పడున్న యాంటెనా చుట్టూ తిరిగాయి తప్ప దిగలేదు. చివరికి పక్కింటి పిట్టగోడ మీద వాలితే మాస్టర్ వెళ్ళి, ఆ ఇంటావిడ చేత ఆమె చీర కొంగులో పట్టించి తెచ్చుకున్నాడు. వచ్చి మాకెదురుగా కూలబడ్డాడు. కోపం తెచ్చుకోవడానికి ఒకరుండటం కూడా మనిషికి ఒక ఆసరా. అది పోయింది ఆయనకు.

నాకు జాలేసింది. బాసుకు ఫోన్ చేసి మనం గెలిచామని చెప్పడానికి నోరు రాలేదు.

ఆ అమ్మాయి మాత్రం లాప్‌టాప్‌లో డ్రోన్ ఫోటోలతో కట్టిన ఆ మిద్దె నకలు తెరిచి అటూ ఇటూ తిప్పుతోంది. మాస్టర్ మొదటిసారి వంగి అందులోకి చూశాడు. తన మిద్దె, తన ట్యాంకు, ఆరేసిన తన లుంగీ సహా కనిపించేసరికి ఆయన ముఖం కాస్త తేటపడింది.

“నా ఛత్రీ గిట్ల ఎర్రగున్నదేంది బిడ్డా? దాని మీద ఏం రాసిన్రు?”

అమ్మాయి నా వైపు చూసింది. నేనే చెప్పాను. “తుక్కు అని రాశారు మాస్టర్.”

“తుక్కా?”

“మేం రాయలేదు. మిషను రాసింది.”

“మిషనుకేం ఎర్క? మీరు సుత చూడలేదా?” అన్నాడు.

అమ్మాయి, “అంకుల్, మీ పావురాలు ఎటువైపు నుంచి దిగుతాయి?” అని అడిగింది. స్టేషను వైపు నుంచి అన్నాడాయన. ఆమె నకలు మిద్దెను తిప్పి, స్టేషను వైపు నుంచి, పైనుంచి పిట్ట చూసినట్టు పెట్టింది. అందులోనే ఛత్రీని ఇప్పుడు కట్టిన చోటుకి, మెట్ల గది వెనక్కి జరిపింది. ఛత్రీ కనపడలేదు. మెట్ల గది పూర్తిగా కమ్మేసింది. ఛత్రీ ఉండాల్సిన చోట మా కొత్త యాంటెనా తలుపంత వెడల్పున నిలబడి ఉంది.

మాస్టర్ నుదురు కొట్టుకున్నాడు.

“ఒకపారి గాలివానకు నేనే దాన్ని దించి కింద పెట్టిన సార్, అయినా వచ్చినయ్. గందుకే జరిపితే ఏమైతది అనుకున్న. వెనక దాస్తే ఎట్ల వస్తయ్? ఇల్లు ఏదో తెలుస్తలేదు వాటికి! నేను సుత ఆ వీడియో చూసుకుంట కూసున్న.”

ఇక చెయ్యాల్సింది తేలికే. యాంటెనాను ముందువైపు పిట్టగోడ మూలకి దించాలి, ఛత్రీని దాని చోట నిలబెట్టాలి. పాత యాంటెనా అయితే అంత కిందికి దించడానికి నేనే ఒప్పుకునేవాణ్ణి కాదు. ఈ కొత్తది నిలబడ్డ చోటునుంచే చూపును పైకీ కిందికీ, పక్కలకీ తిప్పుకోగలదు. ఎత్తు తగ్గితే కిరణాన్ని ఆ మేరకు లేపితే సరిపోతుంది, నట్టు కూడా ముట్టుకోనక్కర్లేదు. ఆ అమ్మాయి అప్పటికప్పుడే లెక్క వేసి చూపించింది. ఇంకో లాభం కూడా కనపడింది. ముందు మూల నుంచయితే గార్డు సాబ్ ఉండే సందులోకి కూడా సిగ్నల్ దిగుతుంది, అప్పటిదాకా ఆ సందు మా మ్యాపులో నల్లగా ఉండేది.

బాసు ససేమిరా అన్నాడు. “ప్లాను ఫ్రీజ్ అయిపోయిందండీ. పావురాల కోసం సైటు మార్చామని హెడ్డాఫీసుకి ఎలా చెప్పమంటారు? నలుగురూ నవ్వరూ?”

“ఛత్రీని తుక్కన్నామని తెలిస్తే ఇంకా బాగా నవ్వుతారు” అన్నాను. రిటైర్మెంటు దగ్గరపడ్డ ఉద్యోగి నాలుకకు ఎముకే కాదు, భయం కూడా ఉండదు. ఆ అమ్మాయి ముఖంలో ఎప్పటిలాగే ఏమీ లేకుండా, ఆ నల్ల సందు మ్యాపు బాసు ముందు పెట్టింది. కవరేజీ పెంచడం కోసం స్థలం మార్చామని చెప్పుకోవచ్చు సార్, అంది. అలా చెబితే ఆ ఘనత తనదవుతుందని బాసుకు అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. తర్వాత ఆయన దీని మీద ఏదో సదస్సులో ప్రసంగం కూడా చేశాడు. అందులో పావురాలు లేవు.

యాంటెనా మూలకి దిగింది, ఛత్రీ నిలబడింది. కానీ మాస్టర్ గూటి తలుపు తియ్యడం లేదు. “దిగేది అది సార్, తక్కినవి దాని వెంట పోయేటివి. అది లేకుంట ఇడిస్తే ఇవి సుత పోతయ్” అన్నాడు. పోయి అడగవచ్చు కదా అంటే, చచ్చినా అడగనన్నాడు.

అడగకూడదన్న కట్టుబాటు ఆయనది, నాది కాదు. నేనే గార్డు సాబ్ ఇంటికి వెళ్ళాను. ఆయన మిద్దె మీద ఆ బూడిద పెట్ట, రెక్కలు దారంతో కట్టించుకుని, కొత్త గూటి ముందు అటూ ఇటూ నడుస్తోంది. జరిగిన తప్పు మాదేనని, అది దారి తప్పి దిగిందే తప్ప ఇష్టపడి రాలేదని చెప్పాను.

ఆయన నన్ను కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. “రూల్ అంటే రూల్ సార్. మీ కంపెనీ సిమ్ము ఇడిచిపెట్టి నేను వేరే కంపెనీకి పోయిననుకో. మీరొచ్చి వాపస్ ఇయ్యిమని అడుగుతరా?”

“అడుగుతాం గార్డు సాబ్. రోజూ ఫోన్ చేసి చంపుతాం.”

ఆయన చాయ్ ఒలికేలా నవ్వాడు. ఆ తర్వాత పావురం వైపు తిరిగాడు. “మాస్టరు పంపించిండా మిమ్మల్ని?”

“లేదు. ఆయనకు తెలిస్తే నన్ను మిద్దె ఎక్కనివ్వడు.”

“తినుడు బంద్ చేసిండంట గద” అన్నాడు మెల్లగా. మాటల్లేకపోయినా వార్తలు ఎవరికీ ఆగవు. లేచి నిలబడి, “చేతికియ్య. గట్ల ఇచ్చుడు రివాజు లేదు. శుక్రవారం నమాజ్ అయినంక దారం ఇప్పి నా గుంపుల ఎగరేస్త. పోతే ఆయనది, వస్తే నాది. అంతకు మించి నాతోని కాదు” అన్నాడు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం మాస్టర్ నమాజు నుంచి వచ్చి టోపీ కూడా తియ్యకుండా మిద్దెక్కాడు. నేనూ ఆ అమ్మాయీ అప్పటికే ఉన్నాం. మూలన యాంటెనా వెచ్చగా పనిచేసుకుంటోంది. మాస్టర్ కాసేపు దాని వైపు, కాసేపు ఆకాశం వైపు చూసి నా దగ్గరికి వచ్చాడు.

“సార్, దానితోని ఏం లేదని నాకు సమజ్ అయింది. అయినా గుండె ఆగుతలేదు. జెర సేపు బంద్ చేయుండ్రి.”

అమ్మాయి లాప్‌టాప్ తెరిచే ఉంది. ఒక్క నొక్కు పని. అడిగింది ముసలాయన, పోయేదేమీ లేదు. చెయ్యమని చెప్పబోయాను. కానీ చెప్పలేకపోయాను.

“వద్దు మాస్టర్. బంద్ చేసినప్పుడు వచ్చిందనుకోండి, రేపు ఆన్ చేశాక దాన్ని ఎగరేస్తారా? జన్మలో ఎగరెయ్యరు. వస్తే ఇది నడుస్తుండగానే రావాలి.”

“రాకపోతే?”

రాకపోతే బతికినన్నాళ్ళూ ఆయన ఈ మాటే తలుచుకుంటాడని నాకు తెలుసు. ఆయన నా ముఖంలోకి చూసి తల ఊపాడు. “సరే, నడవనియ్యుండ్రి” అని వెళ్ళి గూటి తలుపు తీసేశాడు. మొత్తం గుంపు ఒక్కసారి లేచింది.

అవతల సందులోంచి గార్డు సాబ్ గుంపు లేచింది. రెండూ రైలు పట్టాల మీద కలిసిపోయాయి. ఏది ఎవరిదో నాకు తెలియలేదు. మాస్టర్‌కు తెలుసు, ఆయన పెదాలు కదులుతున్నాయి. అవతల మిద్దె మీద గార్డు సాబ్ గింజల డబ్బా ఆడించడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడు మా దాకా వచ్చింది.

“ఆకలి మీద ఎగరేస్తరు సార్” అన్నాడు మాస్టర్ పాలిపోయిన ముఖంతో. “ఆకలైన కబూతర్ మొన్నటి దాకా తిన్న చోటికే పోతది. అక్కడ తిన్నది గద ఇన్ని దినాలు. ఆ డబ్బా చప్పుడుకే దిగుతది.” ఆయన చేతిలోనూ డబ్బా ఉంది. దాన్ని ఆడించనే లేదు.

గుంపులు విడిపోయాయి. గార్డు సాబ్ పావురాలు ఒక్కొక్కటే ఆయన మిద్దె మీదికి దిగాయి. వాటి వెంట బూడిద పెట్ట కూడా కిందికి వెళ్ళింది. మాస్టర్ కళ్ళు మూసుకున్నాడు. అది గార్డు సాబ్ గింజల డబ్బా పక్కనుంచే తేలికగా లేచి, తిరిగి, స్టేషను వైపు నుంచి నేరుగా మా వైపు వచ్చింది. వచ్చి ఎక్కడ వాలిందనుకున్నారు? మా యాంటెనా నెత్తి మీద. అక్కడ కూర్చుని మెడ అటూ ఇటూ తిప్పింది. ఉద్యోగంలో నేను ఎన్నో సైట్లు ఆన్ చేశాను, ఏ సైటు దగ్గరా అలా ఊపిరి బిగబట్టలేదు. యాంటెనా దాని కాళ్ళ కింద శుభ్రంగా పనిచేస్తూనే ఉంది. అది ఆ తెల్ల యాంటెనా మీద రెట్ట వేసి, ఎగిరి ఛత్రీ మీదికి వెళ్ళింది. వెనకాలే మిగిలిన గుంపంతా దిగింది.

“అంకుల్, కళ్ళు తెరవండి” అంది అమ్మాయి. ఆ ముఖంలో ఏమీ కనపడని పిల్ల ఏడుస్తోంది.

మాస్టర్ దాన్ని చేతుల్లోకి తీసుకున్నాడు, ముక్కు దాని మెడలో పెట్టి ఏదో చెప్పాడు, మళ్ళీ ఛత్రీ మీద వదిలి గుప్పెడు గింజలు చల్లాడు. అప్పుడు ఆయన జేబులో ఫోన్ మోగింది. పేరు చూసి బిగుసుకుపోయి, ఫోన్ నా చేతిలో పెట్టాడు. “మీరే మాట్లాడుండ్రి సార్.”

“దిగిందా?” అన్నాడు గార్డు సాబ్ అటునుంచి.

“దిగింది.”

“గింజలు ఏస్తున్నడా?”

“వేస్తున్నాడు. అది మాత్రం తినడం లేదు.”

“తినది. పొద్దుగాల నేనే కడుపు నిండ పెట్టిన. ఆకలి మీదుంటే నా డబ్బా ఇడిచిపెట్టి పోతుండెనా అది?” అన్నాడు. “ఆయనకు చెప్పకుండ్రి” అని పెట్టేశాడు.

“ఏమన్నడు?” అన్నాడు మాస్టర్.

ఒకరి మాట ఇంకొకరికి చేర్చడమే జీవితమంతా నేను జీతం తీసుకుని చేసిన పని. చెప్పేశాను. మాస్టర్ విని, గింజల డబ్బా కింద పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి, గార్డు సాబ్ సందు వైపు నడిచాడు.